కిందికి దిగినవాడు

వల్‌పూరా, ఎంగాడిన్ లోయ
1958 జూన్

డాక్టర్ ష్టూసి గారికి,

మీ మాట విన్నాను. ఇది చదివి మీరు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ ఉంటారని నాకు తెలుసు, నమ్మకం కుదరనప్పుడు మీరు చేసే పని అదే. మా పెదనాన్న కోత మిల్లులో పనికి కుదిరాను. చేతులకు బొబ్బలు, జుట్టునిండా రంపపు పొట్టు. అమ్మ ఉండి ఉంటే ఏడ్చేది.

రెండేళ్లపాటు మనసు వైద్యానికని మీ గదిలో ఆ ఆకుపచ్చ కుర్చీలో కూర్చుని నా కలలన్నీ మీకు చెప్పాను. చివరి రోజున మీరన్నది మాత్రం కల కాదు. "కుర్డిన్, నీకు ముప్ఫై ఒకటి. న్యాయశాస్త్రం మొదలుపెట్టి వదిలేశావు, సెల్లో వాయించడం మొదలుపెట్టి వదిలేశావు, పెళ్లి చేసుకుంటానని ఒక అమ్మాయికి చెప్పి వదిలేశావు. ఇంజను లేని ఆ గ్లైడరు విమానం గాలిలో తిప్పడం ఒక్కటే వదల్లేదు, ఎందుకంటే అక్కడ నేల ఉండదు. ఇక కిందికి దిగు. విసుగు పుట్టినా సరే, ఒకచోట నిలబడి ఒక పని చెయ్యి" అన్నారు. ఆ రాత్రి మీమీద పళ్లు కొరికాను. పొద్దున్నే రైలెక్కాను.

పెదనాన్న యాకెన్ గురించి మీకు పెద్దగా చెప్పలేదు కదా. డెబ్బై దాటాయి. ఒంటరి మనిషి. మిల్లు నడుపుతున్నాడని ఊరంతా అంటారు గానీ నా కంటికి మిల్లే ఆయన్ని నడుపుతున్నట్టు కనిపిస్తోంది. ఏ పనిముట్టు ఎక్కడుంటుందో ఎవరికీ తెలియదు. మధ్యాహ్నం దాటితే ఊరి బ్యాండువాళ్లు చెక్క పలకలు ఆరబెట్టే షెడ్డులోకి చేరతారు, ఆయన క్లారినెట్ తీస్తాడు, కోతపని చేసే డూరి రంపం ఆపేసి పాటకు తాళం వేస్తాడు. నేను దిగగానే ఆయన అన్న మొదటి మాట: "వచ్చావా గాలిపటం? దారం ఎవరి చేతిలో పెట్టొచ్చావు?"

దారం మీ చేతిలో ఉందని చెప్పలేదు. గ్లైడరును సమేదాన్‌లో ఒక స్నేహితుడి షెడ్డులో పెట్టాను. అమ్మలేదు. అది కూడా అడుగుతారని తెలిసి ముందే చెబుతున్నాను.

మీ
కుర్డిన్ బెత్సోలా


జూరిక్
1958 జులై

ప్రియమైన కుర్డిన్,

కళ్లజోడు తుడుచుకోలేదు. ఉత్తరం రెండుసార్లు చదివాను.

నీ బొబ్బలు నాకు సంతోషం కలిగించాయి. మనిషి లోపల ఎప్పటికీ పెరగని కుర్రవాడు ఒకడుంటాడనీ, పుట్టుకతోనే ముసలివాడైన వాడు మరొకడుంటాడనీ నీకు చాలాసార్లు చెప్పాను. వాళ్లు నీవాళ్లూ నావాళ్లూ కారు. మనకంటే పాతవాళ్లు, అన్ని దేశాల కథల్లోనూ కనిపించే మూలరూపాలు. కుర్రవాడికి రెక్కలుంటాయి, పాదాలుండవు. వాడికి అంతా మొదలే. ముసలివాడికి హద్దులు తెలుసు, కాలం తెలుసు, బరువు తెలుసు. నిన్ను ఇన్నాళ్లూ ఏలినవాడు ఆ కుర్రవాడు. ఇప్పుడు రెండోవాణ్ని లోపలికి పిలు. పిలిచాక తలుపు వేసెయ్, కుర్రవాడు వచ్చి బతిమాలతాడు.

మీ పెదనాన్న గురించి రాసింది చదివి కొంచెం జాగ్రత్తపడ్డాను. డెబ్బై ఏళ్లు వచ్చినా పెరగనివాళ్లు ఉంటారు. నవ్విస్తారు, ఆకట్టుకుంటారు, చుట్టూ ఉన్నవాళ్లను కూడా పెరగనివ్వరు. ఆయన్ని ప్రేమించు, ఆయనలా కావద్దు.

ఇంకో మాట. మా విద్యాలయంలో ఈ ఏడాది ఇదే విషయం మీద ఉపన్యాసాలిస్తున్నాను. పేరు చెప్పకుండా నీ గురించి మాట్లాడాను. నీకు అభ్యంతరం ఉండదని అనుకుంటాను.

గ్లైడరు అమ్మెయ్.

హెడ్విగ్ ష్టూసి


వల్‌పూరా
1958 అక్టోబరు

డాక్టర్ ష్టూసి గారికి,

గ్లైడరు అమ్మేశాను. కొన్నవాడు రెక్క మీద చెయ్యి వేసి నిమిరాడు, నేను వెనక్కి తిరిగి చూడకుండా బస్సెక్కాను. మీరు చెప్పింది నిజం. తలుపు ఒకసారి వేశాక చప్పుడు కొంతసేపే ఉంటుంది.

మిల్లు ఇప్పుడు మిల్లులా ఉంది. పొద్దున ఏడింటికి గంట కొడతాను. పనిముట్లన్నీ గోడకు తగిలించి, ఏది ఎక్కడో సుద్దతో గీసి పెట్టాను. సామాన్ల గదికి తాళం పెట్టాను, తాళంచెవి నా దగ్గరే ఉంటుంది. అరువు తీసుకుపోవడాలు, చూసి పోవడాలు, ఊరకే కూర్చోవడాలు లేవు. పెదనాన్న మొదట నవ్వాడు. "మా నాన్న తిరిగొచ్చినట్టుందిరా" అన్నాడు. మా తాతను నేను చూడలేదు. ఆయన వీధిలో నడిస్తే కుక్కలు కూడా పక్కకు తప్పుకునేవని చెప్పుకుంటారు. మెచ్చుకోలుగానే తీసుకున్నాను.

ఒక పనివాడు మానేశాడు. ఇంకొకణ్ని పెట్టుకున్నాను, మాట తక్కువ మనిషి.

ఈమధ్య విసుగు కలగడం లేదు. అసలు ఏమీ కలగడం లేదు. నిద్ర బాగా పడుతోంది.

కు. బెత్సోలా


జూరిక్
1958 నవంబరు

ప్రియమైన కుర్డిన్,

నీ ఉత్తరం చదివి చాలాసేపు కిటికీ దగ్గర నిలబడ్డాను. నలభై ఏళ్లుగా ఈ పని చేస్తున్నాను. నీలాంటి యువకులు ఎందరో ఆ ఆకుపచ్చ కుర్చీలో కూర్చున్నారు. కొందరు కొండలమీద నుంచి పడిపోయారు, కొందరు తాగుడులో పడిపోయారు, మిగిలినవాళ్లు యాభై ఏళ్లకు కూడా రేపటి గురించే మాట్లాడుతున్నారు. నిజంగా కిందికి దిగినవాడు నువ్వొక్కడివే.

తరగతిలో చెప్పినప్పుడు విద్యార్థులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నా పుస్తకంలో చివరి అధ్యాయం ఇదే అవుతుంది. ఈ మధ్య నాకు చేయి వణుకుతోంది, రాత నెమ్మదిగా సాగుతోంది. అయినా పూర్తి చేస్తాను.

ఏమీ కలగకపోవడం గురించి కంగారు పడకు. అది కోలుకోవడంలో ఒక దశ. కలలు మాత్రం రాస్తూ ఉండు.

హెడ్విగ్ ష్టూసి


వల్‌పూరా
1958 డిసెంబరు

డాక్టరు గారికి,

కల అడిగారు. ఒకటి వచ్చింది. ముఖ్యమైనదని నేను అనుకోవడం లేదు.

మిల్లు ముందు మంచు ఊడుస్తున్నాను. చీపురుకు ఏదో గట్టిగా తగిలింది. చూస్తే చిన్న పిల్లవాడు, మంచులో బిగుసుకుపోయి ఉన్నాడు. ఎత్తి, పనికిరాని చెక్కముక్కల పక్కన పెట్టాను. మళ్లీ ఊడవడం మొదలుపెట్టాను. వాకిలి శుభ్రమైంది. అంతే. భయం వేయలేదు.

బ్యాండువాళ్లను షెడ్డులోకి రావద్దన్నాను. తేమ చేరితే పలకలు వంకర్లు పోతాయి. పెదనాన్న క్లారినెట్ పెట్టెలో పెట్టేశాడు. నేను పెట్టమనలేదు.

కు. బె.


జూరిక్
1959 జనవరి

ప్రియమైన కుర్డిన్,

నీ కల చదివి ఒక క్షణం ఒళ్లు జలదరించింది, దాచను. తర్వాత కూర్చుని నిదానంగా ఆలోచించాను. ఆ పిల్లవాడు నువ్వు ఇన్నాళ్లూ మోసినవాడు. వాడు చనిపోక తప్పదు. నీకు భయం వేయకపోవడం నీ బలం.

ఇప్పుడు అసలు సంగతి. పోయిన మంగళవారం మీ పెదనాన్న నా దగ్గరికి వచ్చారు. నీకు చెప్పకుండా వచ్చారని తెలిసింది. బొచ్చు టోపీ ఒళ్లో పెట్టుకుని కుర్చీ అంచున కూర్చున్నారు. కాఫీ ఇస్తే తాగలేదు.

"అమ్మా, మా పిల్లవాణ్ని ఏం చేశారు?" అని అడిగారు.

నువ్వు బాగున్నావని, జీవితంలో మొదటిసారి బాధ్యత తీసుకున్నావని చెప్పాను. ఆయన తల ఊపారు.

"ఇల్లు సర్దాడమ్మా. బాగానే సర్దాడు, కాదనను. డూరిని పనిలోంచి తీసేశాడు, ఇరవై ఏళ్లుగా నాతో ఉన్నవాణ్ని. రంపం దగ్గర పాట పాడుతున్నాడని. ఇప్పుడు మా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడరు. వాడు ముప్ఫై ఏళ్లకే మా నాన్నలా నడుస్తున్నాడు. మా నాన్న దగ్గర నేను ఎలా పెరిగానో మీకు తెలియదు. వాడు సోమరిగా ఉన్నా ఫర్వాలేదు, నాకు మా కుర్డిన్ కావాలి."

ఒక పనివాడు మానేశాడని మాత్రమే నువ్వు రాశావు. ఎందుకలా రాశావో నేను అడగను. ఒక మనిషిని తీసేయడం కష్టమైన నిర్ణయమే, యజమాని అన్నాక తప్పదు.

ఆయనకు నేను వీలైనంత నెమ్మదిగానే చెప్పాను. మీరు వెతుక్కుంటున్నది కుర్డిన్‌ని కాదు, మీతో ఆడుకునే తోడును అన్నాను. ఆయన "మీకు పిల్లలున్నారా?" అని అడిగారు. లేరన్నాను. టోపీ పెట్టుకుని వెళ్లిపోయారు.

కుర్డిన్, ఇప్పుడే అసలు పరీక్ష. కన్నీళ్లతో వచ్చే కుర్రవాడు కోపంతో వచ్చేవాడికంటే ప్రమాదం. మెత్తబడకు.

హెడ్విగ్ ష్టూసి


వల్‌పూరా
1959 మార్చి 4

డాక్టర్ ష్టూసి గారికి,

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మార్చి ఒకటిన ఇక్కడి పిల్లలు మెడలో గంటలు వేసుకుని ఊరంతా తిరిగి చలికాలాన్ని తరుముతారు. చివర్లో మా మిల్లు వాకిట్లోకి వస్తారు. పెదనాన్న వాళ్లకు కాల్చిన చెస్ట్‌నట్లూ మీగడా పెట్టి, దుంగలు లాగే మంచుబండి మీద ఎక్కించుకుని మిల్లు వెనక చిన్న వాలు మీద జారిస్తాడు. ముందు ఆయన నిలబడతాడు. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ ఇదే.

ఈ ఏడాది వాకిట్లో దుంగల దొంతరలున్నాయి. పిల్లలు రావడం క్షేమం కాదు. గేటు వేస్తానని వారం ముందే ఊరి బోర్డు మీద కాగితం అంటించాను. వాళ్లు వచ్చారు. నేను గేటు దగ్గర నిలబడ్డాను. లోపలికి వీల్లేదన్నాను. గంటలు ఆగిపోయాయి.

పెదనాన్న నా వెనక నిలబడి ఉన్నాడు. పక్కదారిన బండిని బయటికి లాగించాడు. పైన అడవి బాట మీదికి తీసుకెళతానన్నాడు. ఆ బాట నిటారు, గడ్డకట్టి ఉంది. అక్కడ బండి జారిపోకుండా కింద ఆపుడు గొలుసు కట్టాలి. గొలుసు సామాన్ల గదిలో ఉంది. తాళంచెవి ఇమ్మన్నాడు.

"సామాన్ల గది ఒంటిగంటకు తెరుస్తాను పెదనాన్నా" అన్నాను.

ఆయన నా ముఖంలోకి చూశాడు. "సరే అయ్యగారూ" అన్నాడు.

పిల్లల్ని ఎక్కించుకుని గొలుసు లేకుండా దిగాడు. మలుపు దగ్గర బండి పట్టు తప్పింది. ఆయన దూకి, తన ఒంటితో దాన్ని మంచు గట్టు వైపు తిప్పాడు. పిల్లలు మంచులో పడ్డారు, ఎవరికీ దెబ్బ తగల్లేదు. బండి ఆయన మీదికి ఒరిగింది. కింది ఊరి ఆస్పత్రిలో ఎడమ కాలు మోకాలి పైకి తీసేశారు. బతుకుతాడని అంటున్నారు.

ఆ బండి గొలుసు లేకుండా కదలకూడదని నేను జనవరిలోనే గోడ మీద రాసి పెట్టాను.

తాళంచెవి జేబులోనే ఉంది. తీసి ఎక్కడైనా పెడదామంటే చెయ్యి జేబులోకి పోవడం లేదు.

కుర్డిన్


జూరిక్
1959 మార్చి 7

కుర్డిన్,

నీ ఉత్తరం అందింది. మెత్తబడకు అని రాసింది నేను. ఈ ఒక్క సంగతి తప్ప ఇప్పుడు నా దగ్గర నీకు చెప్పగలిగిన విషయం ఏమీ లేదు.

నేను వస్తున్నాను. కొండల్లోకి వచ్చి చాలా ఏళ్లయింది. నువ్వు ఎక్కడికీ వెళ్లకు.

హెడ్విగ్


సమేదాన్
1959 ఏప్రిల్

డాక్టరు గారూ,

మీరు రైలు దిగే సమయానికి నేను ఇక్కడికి వచ్చేశాను. ఆస్పత్రి నుంచి పెదనాన్నను ఇంటికి తెచ్చే రోజున డూరిని పిలిచి మిల్లు తాళాలన్నీ ఇచ్చేశాను. అతను నా మొహం చూడలేదు. తాళాలు మాత్రం తీసుకున్నాడు.

గ్లైడరు కొన్నవాణ్ని బతిమాలితే నిన్న ఒకసారి ఎక్కనిచ్చాడు. గాలి పైకి ఎత్తింది. లోయ కింద వంకరగా పడి ఉంది, ఇన్ నది దారంలా కనిపించింది. ఎన్ని నెలలైందో ఇలా ఊపిరి తీసి. గట్టిగా అరిచాను. నవ్వాను కూడా. తప్పని తెలుసు, అయినా నవ్వాను.

ఇక్కడ ఒక స్నేహితుడు అర్జెంటీనా వెళుతున్నాడు. అక్కడి కొండగాలి మనిషిని సగం రోజు పైన నిలబెడుతుందట. వచ్చే నెల ఓడ. నన్నూ రమ్మంటున్నాడు.

మీరు కోప్పడతారు. కోప్పడే ముందు ఒకటి చెప్పండి. పైన ఉన్నన్నాళ్లూ నేను ఎవరినీ కుంటివాణ్ని చేయలేదు. మీరు నన్ను కిందికి దించారు, దిగి ఏం చేశానో చూశారు. నాలో రెండోవాణ్ని లోపలికి పిలవమన్నారు. పిలిచాను. వాడు వచ్చి మా తాత కుర్చీలో కూర్చున్నాడు. వాడితో ఒక్క రోజు కూడా ఇక ఉండలేను. నన్ను వదిలెయ్యండి. నాకు పైనే బాగుంటుంది.

కుర్డిన్


వల్‌పూరా
1959 ఏప్రిల్

ప్రియమైన కుర్డిన్,

ఊరి పేరు చూసి ఆశ్చర్యపోకు. మూడు వారాలుగా నీ గదిలో ఉంటున్నాను. జూరిక్‌లో నా దగ్గరికి వచ్చేవాళ్లను ఇంకొకరికి అప్పగించి వచ్చాను. ఉపన్యాసాలు ఆపేశాను. రైలెక్కే ముందు ఒకసారి తరగతికి వెళ్లి, నేను చెప్పిన యువకుడి కథ తప్పుగా చెప్పానని చెప్పాను. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

డూరి మిల్లు నడుపుతున్నాడు. పాడటం లేదు. వంట నాది. బంగాళాదుంపలు మాడ్చేస్తున్నాను. మీ పెదనాన్న తిని, "పుట్టడమే అరవై ఏళ్లతో పుట్టారేమో, వంట నేర్చుకునే వయసు మీకు రాలేదు" అన్నారు. నాకు నవ్వొచ్చింది. ఇంట్లో నవ్వు విని నేనే ఉలిక్కిపడ్డాను. మధ్యాహ్నాలు పేకాడతాం. ఆయన దొంగాట ఆడతారు.

తప్పు నాదని ఆయనకు చెప్పాను. ఆయన వచ్చి అడిగినా వినలేదని, నా పుస్తకానికి చివర ఒక గెలుపు కావలసి వచ్చి నీలో గడ్డకడుతున్నదాన్ని చూడలేదని చెప్పాను. ఆయన ముక్కలు కింద పెట్టారు.

"మీరు చెప్పారు, వాడు చేశాడు. మరి నేనో? డెబ్బై మూడేళ్లు వచ్చి, తాళంచెవి ఇవ్వలేదన్న పంతంతో పరాయి పిల్లల్ని ఆ బాట మీదికి తీసుకుపోయాను. ఒక పిల్ల మెడ విరిగి ఉంటే? రోజూ అదే కళ్లముందు కదులుతుంది. కాలు పోవడం తక్కువే."

నీమీద కోపమా అని అడిగాను.

"గేటు వేసినందుకు లేదు. వెళ్లిపోయినందుకు ఉంది" అన్నారు.

నీ ప్రశ్నకు జవాబు రాయాలి. నలభై ఏళ్లు కుర్రవాడినీ ముసలివాడినీ ఇద్దరు మనుషుల్లా చూశాను. ఒకడు బతకాలంటే ఇంకొకణ్ని బయటికి గెంటాలనుకున్నాను. కాదేమో కుర్డిన్. వాళ్లిద్దరూ ఒకడే, మధ్యలో చీలిపోయినవాడు. కుర్రవాణ్ని గెంటేస్తే మిగిలేది పెద్దరికం కాదు, బిగుసుకున్న భయం. ముసలివాణ్ని గెంటేస్తే మిగిలేది స్వేచ్ఛ కాదు, పరుగు. నీకు ఇది ముందే చెప్పవలసింది. నాకు ముందు తెలియదు. నేనూ ఎప్పుడో చీలిపోయినదాన్నే. నాలో సగాన్ని నీ ఉత్తరాల్లో చదువుకుంటూ బతికాను. నువ్వు ఎగరడం మానేసినందుకు మెచ్చుకున్నాను గానీ, ఆ ఉత్తరాలు పొడిబారుతుంటే నా ఇల్లు చల్లబడింది.

రమ్మని చెప్పను. ఇకమీద నీకు ఏదీ చెయ్యమని చెప్పను. ఓడ ఎక్కితే ఎక్కు. ఆయన పొద్దున మంచం మీద నుంచి కుర్చీలోకి మారడానికి ఇద్దరు మనుషులు కావాలి. డూరికి నడుము నొప్పి, నా చేతుల సంగతి నీకు తెలుసు. ఇక్కడ జరుగుతున్నది ఇది. ఇంతే రాయగలను.

హెడ్విగ్


వల్‌పూరా
1959 జూన్

ప్రియమైన హెడ్విగ్ గారికి,

చేయి చూపించుకోవడానికి మీరు జూరిక్ బయల్దేరిన రోజునే నేను ఇక్కడికి వచ్చానని డూరి చెప్పాడు. ఎదురెదురు రైళ్లలో దాటుకున్నామేమో. ఓడ వెళ్లిపోయింది. ధైర్యం చేసి మానేశానని అనుకోకండి. రేవుకు వెళ్లే రైలు టిక్కెట్టు కొన్నాను. స్టేషన్‌లో ఒక ముసలాయన బెంచీ మీద నుంచి లేవలేక అటూ ఇటూ చూస్తున్నాడు. నేను రెండు చంకల కింద చేతులేసి లేపాను. ఆయన బరువు నా చేతుల్లో చాలాసేపు ఉండిపోయింది. ఆ బరువుతోనే ఇటు రైలెక్కాను.

పెదనాన్న నన్ను చూసి గోడవైపు తిరిగాడు. అప్పటినుంచి నాతో మాట్లాడలేదు. ఎత్తి కుర్చీలో కూర్చోబెడితే దుంగలా బిగుసుకుంటాడు. దొడ్డికి మోసుకెళతాను. అన్నీ చేయించుకుంటాడు, మాట మాత్రం లేదు. డూరి పని గురించి అవసరమైనంతే మాట్లాడతాడు. ఏడు గంటల గంట తీసేశాను, సుద్ద గీతలు ఉంచాను. డూరి అవి పనికొస్తాయన్నాడు. గేటు తెరిచే ఉంది. పిల్లలు రావడం లేదు. నన్ను చూస్తే వీధి అవతలికి మారతారు.

పొద్దున లేవగానే పారిపోదామని ఒకడంటాడు, అందర్నీ వరసలో నిలబెట్టమని ఇంకొకడంటాడు. ఇద్దరికీ కాఫీ ఇచ్చి కూర్చోబెడుతున్నాను. కొన్ని రోజులు కుదురుతుంది. నిన్న కుదరలేదు. కొత్త పనివాడి మీద అరిచాను, తాత గొంతు వినిపించింది. వెనక్కి వెళ్లి క్షమించమన్నాను. అతను నమ్మలేదు.

మీ పుస్తకం ఏమైందో రాయలేదు. మీ చేయి ఎలా ఉంది? నిజం రాయండి, వైద్యులు రాసినట్టు కాదు.

ఈ పొద్దున సంగతి చెప్పి ఆపుతాను. పెదనాన్నకు గడ్డం బాగా పెరిగింది. ఎవరినీ తాకనివ్వడం లేదు. నేను అడక్కుండానే గిన్నెలో నీళ్లు కాచి, సబ్బు నురగ చేసి, కత్తి సానపట్టి పక్కన కూర్చున్నాను. ఆయన కళ్లు మూసుకున్నాడు. వద్దనలేదు. నా జీవితంలో ఇంకొకరికి గడ్డం గీయలేదు. గొంతు మీద కత్తి పెట్టినప్పుడు కూడా ఆయన కళ్లు తెరవలేదు. చర్మం పలచగా, వదులుగా, వెచ్చగా ఉంది. ఇంత దగ్గరగా ఆయన మొహం ఎప్పుడూ చూడలేదు. అయిపోయిందనుకుని తువ్వాలు తీసుకున్నాను. ఆయన చేత్తో తడుముకున్నాడు.

"ఎడమ దవడ కింద వదిలేశావు" అన్నాడు.

మళ్లీ నురగ రాశాను.

కుర్డిన్